ఒక్క మిల్లీవోల్టు

పొద్దున వంటింట్లో కళ్ళు తిరిగి కూలబడిన భార్యని ఆయన ఆస్పత్రికి తీసుకొచ్చాడు. ఆవిడ ఒంటికి తీగలు తగిలించగానే మిషన్ కాగితం మీద గీతలు గీయడం మొదలుపెట్టింది. సబ్‌స్టేషన్‌లో ఇంజనీరుగా రిటైరైన ఆ పెద్దమనిషి కళ్ళజోడు సవరించుకుని కాగితం మీదికి వంగాడు.

“ఈ ఎత్తు ఎంతమ్మా?”

“ఒక మిల్లీవోల్టు ఉంటుందండీ,” అంది ఈసీజీ తీసే అమ్మాయి.

“అంతేనా? వోల్టులో వెయ్యో వంతు. మా సబ్‌స్టేషన్‌లో ఇలాంటివి లెక్కలోకే తీసుకోం.”

“ఆ లెక్కలోకి రానిదే ఇన్నాళ్ళూ మిమ్మల్ని భరించింది,” అంది ఆవిడ పడుకునే.

అమ్మాయి నవ్వాపుకుంది. “మాట్లాడకండమ్మా, గీత చెదురుతుంది.”

ఆయనకి ఆ అడ్డు లేదు. “మా లైన్లు రెండొందల ఇరవై కిలోవోల్టులు, తెలుసా? కిలోవోల్టుకి వెయ్యి మిల్లీవోల్టులు. అంటే మొత్తం రెండు లక్షల ఇరవై వేలు. అదెక్కడ, ఇదెక్కడ.”

ఆవిడ మెల్లగా తల తిప్పి ఆయన్ని చూసింది. పెళ్ళయిన నాటి నుంచి అన్నం వడ్డిస్తూ ఈ లెక్కలు వింటూనే ఉంది. కిలోవోల్టుకి పది లక్షల మిల్లీవోల్టులని నిద్రలేపి అడిగినా చెబుతుంది.

మిషన్ ఆగింది. “గీత చక్కగా వచ్చిందమ్మా. ఇక లేవచ్చు.”

“నా సంగతి తర్వాత చూద్దువుగాని తల్లీ. ముందు ఆయన్ని కూర్చోబెట్టి కాసిని మంచినీళ్ళివ్వు,” అంది ఆవిడ. “పెళ్ళయ్యాక ఈయన లెక్క తప్పడం ఇదే మొదటిసారి.”