పొదిగే పిట్ట, వినే స్తంభం

పచ్చిక బయల్లో ఒక బట్టమేక పిట్ట గుడ్లు పొదుగుతోంది. దాని వీపున మనుషులు కట్టిన రేడియో బిళ్ల ఉంది. పిట్ట ఎక్కడ తిరిగేదీ గట్టు మీది స్తంభం ఆ బిళ్ల ద్వారా కనిపెట్టేది.

పిట్ట కదలకపోయేసరికి స్తంభం "చచ్చిపోయింది!" అని కబురు పెట్టింది. మనుషులు పరిగెత్తుకొచ్చారు. పిట్ట బెదిరి లేచిపోయింది, గుడ్లు చల్లబడ్డాయి. మర్నాడూ అంతే.

"పొదుగుతున్నానురా బాబూ! ఇంకోసారి వాళ్లను పిలిచావంటే నా పిల్లలు గుడ్లలోనే పోతారు," అంది పిట్ట.

"కదలకపోతే చచ్చినట్టేనక్కా. నాకు నేర్పింది అంతే," అంది స్తంభం.

"మీ గోలతో మేత సహించట్లేదు!" అంటూ ఒక మేక వచ్చింది. మేకలు ఏదైనా తింటాయి, గొడుగు తిన్న మేకను నేనెరుగుదును. ఇది పిట్ట వీపున పట్టీ కొరికి, బిళ్లతో సహా మింగేసింది.

సాయంత్రం స్తంభం మురిసిపోయింది. "భలే తిరుగుతున్నావక్కా! వాగు దాటి మేకల దొడ్లో కూడా దూరావు!"

"తిరగక చస్తానా," అంది పిట్ట, గుడ్ల మీంచి కదలకుండా.