తడి ఆరేదాకా

అప్పుడే తుడిచిన నేల మీద ఎర్రదారం ముక్క.

"మళ్లీ ఆ బొత్తాలావిడ పక్కన కూర్చున్నావా?" తల్లి గొంతు వంటింట్లోంచే లేచింది.

చిన్నది తలూపింది. గౌను నిండా దారప్పోగులే.

"అ... అమ్మా, ఇవాళ బ... బ..."

"బడిలో. ఆ, బడిలో ఏమైంది? త్వరగా చెప్పు తల్లీ, పొయ్యి మీద కూర మాడుతోంది."

"ఏం లేదు," అంది చిన్నది. ఆ రెండు మాటలకూ నత్తి రాలేదు.

తల్లిది కాల్ సెంటర్ ఉద్యోగం. ముక్కూ మొహం తెలియనివాళ్ల ఫిర్యాదులను మధ్యలో అడ్డు తగలకుండా వినడమే పొద్దస్తమానం ఆమె పని. ఇంటికి రాగానే చీపురు, తడిగుడ్డ, వంట. నేల ఆరేదాకా పిల్లలు లోపలికి రాకూడదు. అందరూ వేడివేడిగా, కలిసి తినాలి. ఆ రెండూ ఇంటి చట్టాలు.

నేల ఆరేలోపు పెద్దవాడు కిందికి పోయి బంతి ఆడుకునేవాడు. చిన్నది మెట్ల మీదే ఉండిపోయేది.

మెట్ల మలుపులో కిటికీ ఉంది. ఆ వెలుతురు కోసమే కింది వాటా ఆవిడ అక్కడ కూర్చుని, బట్టల కొట్టువాళ్లిచ్చిన చొక్కాలకు బొత్తాలు కుట్టేది. ఎవరు పలకరించినా ఒక నవ్వు నవ్వి తల దించుకునేది.

"పొగరు," అని తేల్చేసింది తల్లి.

"పోనీలేవే, కుట్టిన బొత్తాలు ఊడట్లేదుగా," అన్నాడు తండ్రి, చెప్పులు చేత్తో పట్టుకుని గడప అవతలే నిలబడి. "నీ నేలలో మొహం చూసుకోవచ్చనుకో. చూసుకోవాల్సినవాళ్లమే బయటున్నాం."

"వెక్కిరింతలకేం, తుడిచేది నేను కదా!"

ఆయన చెప్పులు గోడవార పెట్టాడు. తడిగుడ్డ మాత్రం అందుకోలేదు.

తల్లి దిగులంతా చిన్నదాని నత్తి గురించే. వేసవి దాటితే పెద్దబడిలో చేర్చాలి. అక్కడ టీచర్లు అడిగేవాటికి పిల్ల తనంతట తానే బదులు చెప్పాలట. అందుకే శనివారం శనివారం స్పీచ్ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లేది.

ఒక శనివారం డాక్టరమ్మ మొహం వెలిగిపోయింది.

"బాగా మెరుగుపడిందండీ! ఇంట్లో ఎవరో మధ్యలో మాట అందించకుండా, చివరిదాకా ఓపిగ్గా వింటున్నారు. ఎవరు?"

"ఇంకెవరండీ, నేనే," అంది తల్లి. అబద్ధం ఆడుతున్నానని ఆమె అనుకోలేదు.

చిన్నది కుర్చీలో కాళ్లు ఊపుకుంటూ కూర్చుంది.

ఆ సోమవారం గౌను ఉతకబోతే అంచులో సూది దొరికింది.

తల్లి గౌను చేత్తో పట్టుకునే మెట్లు దిగింది. వెనకే చిన్నది.

"పసిపిల్ల బట్టల్లోకి సూదులొస్తే ఏమనుకోవాలండీ? ఈ మెట్లు మీ సొంతమా?"

బొత్తాలావిడ గభాలున లేచింది. ఒళ్లోంచి బొత్తాలు జారి మెట్ల మీద దొర్లాయి. మొహం జేవురించింది. పెదవులు బిగుసుకున్నాయి.

"తప్పు మీది, కోపం నా మీదా! మీరేం చెప్పక్కర్లేదు. బిల్డింగ్ సెక్రటరీతోనే మాట్లాడుకుంటాను."

చిన్నది కొంగు లాగింది. "ఆ... ఆగమ్మా."

"నువ్వు ఊరుకో!"

రెండోనాటికల్లా కిటికీ కింద బోర్డు వెలిసింది: మెట్ల మీద కూర్చోరాదు.

మెట్లు అద్దంలా మెరిశాయి. తల్లికి ఒళ్లు తేలికైంది. నెల తిరిగేసరికి కింది వాటాకు తాళం పడింది.

నేల మీద దారాలు లేవు. ఇంట్లో చిన్నదాని మాటా లేదు. మంచినీళ్లు కావాలన్నా వేలు చూపించేది.

డాక్టరమ్మ ముందు గంటసేపు కూర్చుని ఒక్క ముక్క కూడా పలకలేదు.

"ఏమైందండీ?" అడిగింది డాక్టరమ్మ. "వినేవాళ్లు వినడం మానేశారా?"

ఈసారి తల్లి నోట 'నేనే' అన్న మాట రాలేదు.

ఇంటికి వస్తూనే పొయ్యి మీద కూర పెట్టి, తల్లి చిన్నదాన్ని వెంటబెట్టుకుని కిందికి దిగి సెక్రటరీ ఇంటి తలుపు తట్టింది.

"ఆ కింది వాటా ఆవిడ ఎక్కడికి వెళ్లిందండీ?"

"నేనూ అడిగానమ్మా. నవ్వి ఊరుకుంది. మీరన్నది నిజమే, పొగరుబోతు మనిషి."

తల్లి మెట్లెక్కుతూ మలుపులో ఆగింది. ఏ చీపురుకూ అందని ఒక తెల్ల బొత్తం కిటికీ మూలన ఇరుక్కుని ఉంది. దాన్ని గోటితో పైకి తీసి, బోర్డు కిందే చతికిలబడింది. చిన్నదాన్ని పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఇక్కడ ఆవిడ నీతో మాట్లాడేదా తల్లీ?"

చిన్నది తలూపింది.

"మాలో ఎవరితోనూ పెదవి విప్పేది కాదే. నీతో ఏం మాట్లాడేది?"

"ఆ... ఆ..."

మాట తల్లి నాలుక చివరిదాకా వచ్చింది. అందించకుండా పళ్లు బిగపట్టుకుంది.

పైనుంచి మాడు వాసన దిగుతోంది. "ఏమేవ్, కూర!" అని తండ్రి అరుస్తున్నాడు.

తల్లి కదల్లేదు.

చిన్నది ఆమె అరచేతిలోని బొత్తాన్ని తీసుకుని, వేళ్ల మధ్య తిప్పుతూ, చాలాసేపటికి మాట కూడదీసుకుంది.

"ఆ... ఆవిడకి నాకంటే ఎక్కువ న... నత్తి, అమ్మా, అందుకే మా... మాట పూర్తయ్యేదాకా నా కోసం ఆవిడ, ఆవిడ కోసం నేను ఆగేవాళ్లం."