పదకొండో స్లైడు

మైక్రోస్కోపు మీద అంటించిన చిన్న టేపు ముక్కను లూపే గోటితో గీకి తీసేసింది.

దాని మీద ఆమె చేతిరాతే. "61. కదపొద్దు."

అది మిల్లీమీటర్లలో ఆమె రెండు కళ్ళ మధ్య దూరం. పద్నాలుగేళ్ళుగా ఆ మైక్రోస్కోపు ఆమె కళ్ళకే అమర్చి ఉంది.

ఇక ఎవరి కళ్ళకైనా అమర్చుకోవచ్చు.

మెల్‌బోర్న్‌లోని ఆ ల్యాబులో ఎలుకల ఇన్సులిన్ కణాలు లెక్కపెట్టడం ఆమె పని. ఎలుక కడుపుతో ఉన్నప్పుడు ఒక సంకేతం అందడంతో ఆ కణాలు పెరుగుతాయి. పెరిగింది చాలనగానే ఒక ప్రొటీను ఆ సంకేతాన్ని ఆపేస్తుంది. సగం ఎలుకలకు ఆ బ్రేకు తీసేశారు. ఏ స్లైడు ఏ ఎలుకదో లెక్కపెట్టేవాళ్ళకు చెప్పరు.

దేవుడు పెట్టిన బ్రేకును మనం తీయొచ్చా అని తమ టోంగా దీవులవాళ్ళ చర్చిలో పాస్టరుగారిని అడిగిందొకసారి.

"ఎందుకు పెట్టాడో తెలియాలంటే తీసి చూడాలి కదమ్మా," అన్నాడాయన.

ఆ జవాబు ఆమెకు పూర్తిగా మింగుడుపడలేదు. పని మాత్రం మానలేదు.

ఆమెకు షుగరు మూడో కాన్పులో వచ్చింది. బిడ్డ పుట్టాక పోతుందన్నారు. పోలేదు.

కిందటి నెల కళ్ళ డాక్టరు కుడి కంట్లో ఏదో మరక ఉందన్నాడు. ల్యాబులో చెప్పడానికి నోరు రాలేదు.

ప్రతి స్లైడునూ ఇద్దరు విడివిడిగా లెక్కపెడతారు. ఇరవైలో పంతొమ్మిది కుదిరాయి. పదకొండో దానికి లూపే నలభై మూడు రాసింది. రెండో లెక్క చూసే డెక్లన్ తొంభై ఆరు రాశాడు.

అతనికి ముప్పై ఏళ్ళు. కళ్ళజోడైనా లేదు.

ల్యాబు పెద్ద హెలెన్, ముగ్గురు ఒకేసారి చూసే మైక్రోస్కోపు కింద ఆ స్లైడు పెట్టింది.

"ఎర్రగా ఉన్నవన్నీ కొత్తగా చీలుతున్న కణాలేగా?" అన్నాడు డెక్లన్.

"ఎరుపు చుట్టూ గోధుమరంగు కూడా ఉండాలి నాయనా. ఉంటేనే ఇన్సులిన్ కణం." అంది లూపే. "ఈ అంచున గుంపు చూడు. చుట్టూ రంగేది? ఇవి రక్తంలోంచి దూరినవి. పిలవని చుట్టాల్లా వచ్చి కూర్చున్నాయి."

హెలెన్ స్లైడును జరిపి ఆ అంచును మధ్యకు తెచ్చింది.

లూపే ఎడమ కన్ను మూసింది. కుడి కంటితో మళ్ళీ చూసింది.

ఆ కంటికీ అంచు అంచులాగే కనిపించింది.

"నలభై మూడే," అంది హెలెన్. "డెక్లన్, ఇది శనివారం ఫుట్‌బాల్ చూస్తూ లెక్కపెట్టావా?"

"సగమే చూశాను. మావాళ్ళు ఓడిపోతుంటే కట్టేశా."

"వాళ్ళకు రాని గోల్స్ అన్నీ ఇక్కడ వేసినట్టున్నావు."

ఏ స్లైడు ఏ ఎలుకదో రాసి సీలు వేసిన కవరును హెలెన్ చింపింది. పదకొండో ఎలుకకు బ్రేకు ఉంది. బ్రేకు ఉన్నవన్నీ నలభైల్లో ఆగాయి. లేనివన్నీ తొంభై దాటాయి.

డెక్లన్ ఈల వేశాడు. అందరికీ టీ తెస్తానని వెళ్ళాడు.

"హెలెన్, నా కుడి కంట్లో మరక ఉందట," అంది లూపే. "నీకు ముందే చెప్పాల్సింది."

"ఎప్పుడు తెలిసింది?"

"నెలైంది."

హెలెన్ లెక్కల కాగితం ఆమె వైపు తిప్పింది. "ఇవన్నీ ఆ నెలలో లెక్కపెట్టినవేగా."

లూపే తన బల్ల దగ్గరికి వచ్చింది. మైక్రోస్కోపులో కళ్ళ దూరం ఇంకా అరవై ఒకటి దగ్గరే ఉంది.

సొరుగులోంచి టేపు చుట్ట తీసి, ఈసారి కాస్త పెద్ద ముక్కే చింపింది.