పెట్టె తాళం

"తాళంచెవి ఇటియ్యవే," అంది వంటమనిషి హెస్టర్.

పనిపిల్ల డోర్కస్ తన పెట్టె తాళంచెవిని పిడికిట్లో బిగించింది. ఆమె కన్న బిడ్డ శవం పొద్దున బొగ్గుల గదిలో దొరికింది. కింద కానిస్టేబులు దొరగారితో మాట్లాడుతున్నాడు.

"కడుపుబ్బరమంటూ ఇన్నాళ్లూ నా కళ్లల్లో దుమ్ము కొట్టావు. ఈ పెట్టెలో ఇంకేం దాచావే?"

"ఏం లేదక్కా. బిడ్డ చచ్చే పుట్టింది. ఒక్క ఏడుపైనా ఏడవలేదు."

"మొగుడు లేనిదానివి, చాటుగా కన్నావు. లండన్లో నీ మాట ఎవడు నమ్ముతాడు? ఉరి తీస్తారు!"

హెస్టర్ తాళంచెవి లాక్కుని పెట్టె తెరిచింది. కడుపు పోగొట్టే మందు సీసా ఏదో ఉంటుందనుకుంది. పాత గౌను కింద, పోయిన నెల మాయమైన దుప్పటి గుడ్డ కనిపించింది. దానికోసమే అప్పట్లో ఈ పిల్ల చెంప వాయించింది.

"అనుకున్నానే, దొంగమొహమా!"

డోర్కస్ ఆమె కాళ్లు పట్టుకుంది. "దొరసానికి చెప్పకక్కా. దొంగతనం కూడా నెత్తిన పడుతుందనే తెరవనివ్వలేదు."

గుడ్డ మడత విడింది. లోపల అదే గుడ్డతో కుట్టిన, అరచేతిలో ఇమిడే చొక్కా, కుచ్చుల టోపీ ఉన్నాయి.

హెస్టర్ ఆ చొక్కాను చేతిలోకి తీసుకుంది.

"పిచ్చిమొద్దూ, బిడ్డకు బట్టలు కుట్టుకున్న తల్లి చంపాలనుకోదని కోర్టులో వదిలేస్తారే! దాచాల్సింది ఇదేనా?"

మెట్ల మీద కానిస్టేబులు బూట్ల చప్పుడైంది. హెస్టర్ చొక్కాను రెండు చేతులమీదా పరుచుకుని గుమ్మంలో నిలబడింది.

"ఇది చూడండయ్యా. దుప్పటి తీసింది నేనే. బిడ్డకు కుట్టుకోమని నేనే ఇచ్చాను."