నార్మల్ అని రాశారు

"మామోగ్రామ్ నార్మల్ అని రాసిచ్చారుగా! ఇంకా ఏమిటి వదినా నీ అనుమానం?" అంది ఆడపడుచు, నాతో కలిసి దుప్పటి మడతపెడుతూ.

ఆ ఒక్క మాట పట్టుకుని ఇంట్లో అందరూ నా నోరు నొక్కేశారు. మా ఆయనైతే, "డాక్టరు కంటే నీకెక్కువ తెలుసా?" అని నవ్వేశారు. ఎడమ రొమ్ములో గడ్డ మాత్రం నా వేళ్లకు తగులుతూనే ఉంది.

"రిపోర్టు చివరిదాకా చదివాను. నా రొమ్ములో కణజాలం దట్టంగా ఉందట. ఫొటోలో అదీ తెల్లగానే పడుతుంది, గడ్డా తెల్లగానే పడుతుంది. ఉన్నా కనబడకపోవచ్చట. రేపు అల్ట్రాసౌండ్ చేయించుకుంటాను."

"నీకు పనిలేక! పప్పులో రాళ్లేరినట్టు కాగితాల్లో రోగాలు ఏరుతున్నావు."

నేను దుప్పటి రెండో కొస అందుకోబోయాను. ఆమె దాన్ని మంచం మీద పడేసి, వెళ్లి తలుపు గడియ పెట్టింది. తిరిగొచ్చి నా చెయ్యి పట్టుకుని, తన చంక కింద, రొమ్ము పక్కన గట్టిగా అదుముకుంది.

"నాకూ నార్మల్ అనే రాశారు వదినా, పోయినేడాది," అంది. "నీదీ ఇలాగే ఉందా?"