ఎర్ర లైటు మనిషి

“మళ్లీ ఎర్ర లైటే!”

వాణి టీ గ్లాసును బల్ల మీద టక్కున పెట్టింది.

కంప్యూటర్ తెర మీద షెడ్డంతా పచ్చగా ఉంది. కిటికీ పక్క కాటా ఒక్కటే ఎర్రగా వెలుగుతోంది. అది అబిగయీలు కాటా.

ముత్తుకూరు రోడ్డులోని ఆ రొయ్యల షెడ్డులో ఇప్పుడు ప్రతి ఆడమనిషి ముందూ ఒక కాటా ఉంది. కాటా మీద ట్రే. ఒలిచిన రొయ్యలు ట్రేలో పడేకొద్దీ ఆ బరువు కంప్యూటర్‌కి చేరుతుంది. పని మందగించిందా, లైటు ఎర్రబడుతుంది. వారమంతా ఎర్రబడుతూనే ఉంటే ఆ మనిషిని సూపర్‌వైజరే తీసెయ్యాలి.

ఆ సూపర్‌వైజర్ వాణి.

నిన్నమొన్నటిదాకా ఆమె కూడా తల్లి కామాక్షమ్మ పక్కన నిలబడి రొయ్యలు ఒలిచిందే. డిగ్రీ చదివింది గదా అని మేనేజర్ విజయభాస్కర్ తీసుకెళ్లి అద్దాల గదిలో కూర్చోబెట్టాడు.

“నువ్వు షెడ్డంతా తిరగబళ్లేదు. తెర చూస్తే చాలు. మనుషులు అబద్ధం చెప్తారు గానీ కాటా చెప్పదు,” అన్నాడు.

ఆ మాట వాణికి భలే నచ్చింది. నడుం నొప్పనీ, బిడ్డకి జ్వరమనీ తోటివాళ్లు రోజూ చెప్పే సాకులు వినలేక ఆమె ప్రాణం విసిగిపోయి ఉంది.

ఆ సుఖం కాస్తా అబిగయీలు వల్ల లేకుండా పోయింది. కాటాలు పెట్టిన కొత్తల్లోనే వచ్చింది ఈవిడ. తడ వైపు మనిషట. నా అన్నవాళ్లు లేరట. కామాక్షమ్మ పక్కన చోటు ఖాళీగా ఉంటే అక్కడ నిలబెట్టారు. అప్పట్నుంచీ ఇదే గోల.

వాణి విసురుగా లేచి షెడ్డులోకి వెళ్లింది.

ఆమె వెళ్లేసరికి అబిగయీలు చేతులు చకచకా ఆడుతున్నాయి. పొట్టు ఒకవైపు, రొయ్య ఒకవైపు. చూస్తుండగానే ట్రే నిండింది, లైటు పచ్చబడింది.

వాణికి ఒళ్లు మండిపోయింది.

“నేనొస్తే ఆడతాయి చేతులు! నేను లేకపోతే ఏమొచ్చింది వాటికి?”

“ఐసు గదా పాపా. కొంకర్లు పోతన్నాయి,” అని నవ్వింది అబిగయీలు.

“ఐసు నీ ఒక్కదానికేనా? మా అమ్మను చూడు. నీకంటే ఎంత పెద్దది! ఒక్కరోజన్నా ఎర్ర లైటు వచ్చిందా ఆమెకు?”

కామాక్షమ్మ తల ఎత్తలేదు.

“పోనీలేమ్మా. నలుగురిలో ఏంది ఆ మాటలు,” అంది మెల్లగా.

“నువ్వూరుకోమ్మా! అందరూ ఇట్టా వెనకేసుకొస్తే నా ఉద్యోగం ఊడుద్ది.”

ఎదురు బల్ల దగ్గర్నుంచి జమాల్‌బీ కలగజేసుకుంది. “పొద్దాకులూ ఆ గదిలో కూచోకపోతే, కాసేపు ఈడ నిలబడి చూడరాదా వాణీ?”

“చూస్తానే ఉన్నా గదా! పని రాక కాదు, ఒళ్లొంగక. ఇంకా ఏం చూడాల?”

జమాల్‌బీ తన ట్రే వైపు తిరిగింది.

శనివారం విజయభాస్కర్ వచ్చాడు. తెర వైపు చూసి మొహం చిట్లించాడు.

“ఏందమ్మా ఆ కాటా సంగతి? ఆమెను నువ్వు తీస్తావా, నీ కుర్చీలో ఇంకొకరిని కూచోబెట్టమంటావా?”

తండ్రి మంచాన పడ్డాక తల్లీకూతుళ్ల సంపాదనతోనే ఇల్లు నడుస్తోంది. ఎవరో తెలియని మనిషి కోసం కుర్చీ పోగొట్టుకోవడానికి వాణికేమైనా పిచ్చా?

అబిగయీలును గదిలోకి పిలిచింది.

“సోమవారం నుంచి రావద్దు.”

అబిగయీలు సరేనన్నట్టు తలూపింది. ఏడ్వలేదు, తిట్టలేదు. వాణికి అదీ చిరాకే. ఎదురు తిరిగితే నాలుగు మాటలు అని కడుపుమంట చల్లార్చుకునేది.

“ఒక్క మాటన్నా అడగవేంది?”

“ఏం అడగాల పాపా? నీ పని నువ్వు చేస్తన్నావు.”

వాణి బటన్ నొక్కింది. తెర మీద అబిగయీలు ఫొటో మాయమైంది. ఆ కంపెనీ షెడ్డు ఏ ఊళ్లో ఉన్నా సరే, ఇక గేటు దగ్గరి కెమెరా ఆమె ముఖం చూసి తలుపు తీయదు. మనిషిని తీసెయ్యడానికి బటన్ పెట్టారు గానీ, మళ్లీ తీసుకోవడానికి పెట్టలేదు.

సోమవారం తెరంతా పచ్చగా వెలిగింది.

“పీడ విరగడైంది,” అనుకుని వాణి హాయిగా టీ అందుకుంది.

గ్లాసు సగం కాకముందే ఎర్ర లైటు వెలిగింది. ఈసారి కిటికీ పక్కది కాదు. దాని పక్కది.

“ఈ కాటా పాడైందా ఏంది, నా ఖర్మ!” అని గొణుక్కుంటూ షెడ్డులోకి నడిచింది.

కాటా బాగానే ఉంది. కామాక్షమ్మ ట్రేలో మాత్రం రొయ్యలు అడుక్కి ఉన్నాయి.

“ఏమ్మా, ఒంట్లో బాలేదా?”

కామాక్షమ్మ గ్లౌజు లాగేసింది. వేళ్లు వాచిపోయి, కణుపుల దగ్గర వంకర్లు తిరిగి ఉన్నాయి.

ఇంట్లో రోజూ ఆ చేతులతోనే తనకు అన్నం పెడుతోంది అమ్మ. వాణి ఏనాడూ చూడలేదు.

“ఎప్పట్నుంచి ఇట్టా?”

“కాటాలు రాకముందు నుంచే.”

“మరి ఇన్నాళ్లూ నీకు పచ్చ లైటు ఎట్టా వచ్చింది?”

కామాక్షమ్మ కిటికీ పక్కన ఖాళీగా ఉన్న చోటు వైపు చూసింది.

“నీకు చెప్దామంటే చెప్పొద్దని ఒట్టేయించుకుందమ్మా,” అంది. “‘బిడ్డ చేత తల్లిని గేటు బయటికి పంపించే పని చేయించకూడదక్కా’ అని, వచ్చిన కాడ్నించీ తను ఒలిచిన వాట్లో సగం నా ట్రేలోనే పోసింది ఆ మహాతల్లి.”