నాలుగో పేలిక

పొద్దున్న ఎనిమిదింటికి కారు బానెట్ ఎత్తిన ఫిట్టరమ్మ, మధ్యాహ్నం పన్నెండైనా నడుం ఎత్తలేదు.

బస్సు డిపోలో ఇరవై రెండేళ్ళుగా ఇంజన్లు విప్పుతున్న మనిషి. వీధిలో ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. సెలవు పెట్టిన రోజు కూడా స్పానరే పట్టాల్సి వచ్చింది. ఏం చేస్తుంది పాపం? భర్తగారు నాలుగింటికల్లా బయల్దేరాలి. ఆయన ఈ ఎర్ర స్పోర్ట్స్ కారులో తప్ప కదలడు. రెండే సీట్లు, కళ్ళు చెదిరే రంగు, ఇంజన్‌లో ఒక ఈల.

ఆ ఈలే కొంప ముంచుతోంది. ఇంజన్‌కి గాలి అందించే గొట్టాల దిమ్మని మానిఫోల్డ్ అంటారు. దానికీ ఇంజన్‌కీ మధ్య పల్చటి గాస్కెట్ ఒకటి ఉంటుంది. అది చిట్లి, గాలి దొంగదారిన దూరుతోంది. ఇంజన్ వేడెక్కగానే కారు గిలగిల్లాడి ఆగిపోతుంది. ఇదివరకు రెండుసార్లు బయల్దేరితే, రెండుసార్లూ పెద్ద వంతెన దగ్గరే ఆగిపోయింది. బయటి మెకానిక్ పైపైన ఇంత జిగురు పూసి చేతులు దులుపుకున్నాడు. ఇక లాభం లేదని ఈసారి ఆవిడే దిగింది.

"ఈసారి ఆగదు కదే అమ్మాయ్?" అంది అత్తగారు. షెడ్డులో ముక్కాలిపీట మీద కూర్చుని, కోడలు విప్పిన బోల్టుల్ని కోడిగుడ్ల అట్టలో వరసగా పెడుతోంది.

"ఆగకూడదనే కదత్తయ్యా ఈ పాట్లన్నీ."

"చాలా దూరం పోవాలి మరి."

"పోతుంది."

లోపల్నించి కేక వినిపించింది. "అమ్మా! నా నీలం చొక్కా ఏదీ?"

"పెట్టెలో పెట్టేశా నాయనా! అన్నీ పెట్టేశా!"

నిజంగానే అన్నీ పెట్టింది. స్వెట్టర్లు, చెప్పులు, చివరికి వాడు చిన్నప్పుడు పరుగుపందెంలో గెలిచిన కప్పు కూడా. తల్లి మనసు.

పాత గాస్కెట్ ఇంజన్‌కి అతుక్కుపోయి ఓ పట్టాన రాలేదు. ఫిట్టరమ్మ దాన్ని గోరంత గోరంత గోకింది. గోకిన పొట్టు ఇంజన్‌లో పడకుండా నాలుగు రంధ్రాల్లోనూ పాత బనియను పేలికలు కుక్కింది. మోచేతులు లాగేస్తున్నాయి. మెడ పట్టేసింది. నిన్నటి డిపో అలసటే ఇంకా తీరలేదు.

భర్తగారు కాఫీ కప్పుతో వచ్చి నిలబడ్డాడు. "ఇంకా ఎంతసేపోయ్? బస్సుల దగ్గర కూడా ఇలాగే సాగదీస్తావా?"

"మూడున్నరకి ఇచ్చేస్తానండీ. మీరు లోపల కూర్చోండి."

ఆయన ఖాళీ కప్పు ఆవిడ పనిముట్ల పెట్టె మీద పెట్టి వెళ్ళిపోయాడు. అత్తగారు లేచి, కప్పు కడిగి వచ్చి, మళ్ళీ పీట మీద కూర్చుంది.

పేలికలు లాగేసి, కొత్త గాస్కెట్ పెట్టి, మానిఫోల్డ్ ఎక్కించి, బోల్టులు బిగించడం మొదలుపెట్టింది. నడిమివి ముందు, చివరివి తర్వాత. ఓ చుట్టు వదులుగా, ఓ చుట్టు సరిపడా బిగిసిందని రెంచి టిక్కుమనేదాకా. పదో బోల్టు టిక్కుమనేసరికి రెండు దాటింది. హమ్మయ్య అనుకుంటూ మసిగుడ్డ కోసం చెయ్యి చాపింది.

"అమ్మాయ్," అంది అత్తగారు, "పేలికలు మూడే ఉన్నాయేమిటే?"

ఫిట్టరమ్మ నేల మీద చూసింది. కారు కింద చూసింది. తన జేబులు తడుముకుంది. నాలుగోది లోపలే ఉండిపోయింది. కొత్తగా పనిలో చేరినవాళ్ళు ఈ తప్పు చేస్తే డిపో అంతా వినపడేలా తిట్టే మనిషి తను.

ఏడుపొచ్చేసింది. "నా వల్ల కాదత్తయ్యా. ఒళ్ళు హూనమైపోయింది. ఇలాగే పోనిద్దాం."

"ఇలాగే పోతే ఎంతదూరం పోతుంది?"

"వీధి చివరిదాకా."

అత్తగారు పీట ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది. కోడిగుడ్ల అట్ట ఒళ్ళో పెట్టుకుంది. "అయితే విప్పు తల్లీ. నేనున్నాగా."

పది బోల్టులూ మళ్ళీ విప్పింది. మూడో రంధ్రంలో, నల్లగా, అడుగున నక్కి ఉంది పేలిక. ఒకసారి నలిగిన గాస్కెట్ మళ్ళీ పనికిరాదు. ఏ సామానైనా రెండు తెచ్చుకోవడం డిపో అలవాటు కాబట్టి బతికిపోయింది. రెండోది పెట్టి మళ్ళీ మొదట్నించీ బిగించింది. ఈసారి ప్రతి టిక్కూ అత్తగారు పైకి లెక్కపెట్టింది.

నాలుగింటికి ఐదు నిమిషాలుందనగా ఫిట్టరమ్మ తాళం తిప్పింది. ఈల లేదు. ఇంజన్ కడుపునిండిన పిల్లిలా గురగురమంది.

పక్క సీటు నిండా పెట్టెలే. భర్తగారు నీలం చొక్కాలో నిగనిగలాడుతూ ఎక్కి కూర్చున్నాడు. "పర్వాలేదే, బాగానే చేశావ్," అన్నాడు భార్యతో. తల్లివైపు తిరిగి చెయ్యి ఊపాడు.

"జాగ్రత్తగా వెళ్ళు నాయనా," అంది ఆవిడ. ఎప్పుడూ 'వెళ్ళిరా' అనే మనిషి.

కారు మలుపు తిరిగింది. అత్తాకోడళ్ళిద్దరూ గుమ్మం మెట్ల మీద కూలబడ్డారు. వంతెన అరగంట దారి. ఇద్దరి చెవులూ వీధి మీదే ఉన్నాయి. ఐదైంది. ఐదున్నరైంది. ఫోను మోగలేదు. ఏ లారీ దేన్నీ ఈడ్చుకురాలేదు.

"వంతెన దాటేసుంటాడా?"

"ఎప్పుడో దాటేసుంటారత్తయ్యా."

"నిజంగా?"

"నా బిగింపు కదా. ఆగదు."

అత్తగారు మోకాళ్ళు పట్టుకుని లేచి, ఇంకొకావిడతో కాపురానికని రెండుసార్లు ఇల్లొదిలి పోయి, రెండుసార్లూ కారు చెడి వీళ్ళ నెత్తికే తిరిగొచ్చిన కొడుకు ఇక రాకుండా గేటుకి కొత్త తాళం వేసి, తాళంచెవి కోడలి నూనె చేతిలో పెట్టింది.